తక్కువ తాగే మోటారు

మొన్న మా తమ్ముడి కొడుకు దుబాయి నుంచి వచ్చి, చేతులు మారిన కారొకటి కొనాలని నన్ను వెంటేసుకొని కరీంనగరంతా తిరిగాడు. ఏ బండి దగ్గర ఆగినా వాడి నోట ముందు వచ్చేది ఒకటే మాట, లీటరుకు ఎంత దూరం పోతుందని. మూడోచోట ఆ మాట వినేసరికి ఎండ తగిలిందని అబద్ధమాడి పక్కనున్న హోటల్లో కూర్చుండిపోయాను. అబద్ధాలు నాకు కొత్తవి కావు. మా బాపు కొన్న మోటారు పెట్రోలు అయిపోతే చల్ల పోసినా చొప్పదండి దాకా పోయి వచ్చేదని చెప్పి నమ్మించినవాణ్ణి నేను. ఆ మోటారు గురించి నేను చెప్పని సంగతి ఇది.

నా ఈడువాళ్ళకు ఆ కరువు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ళకు వచ్చిన కరువు. మేత లేక మా ఎడ్లు కొట్టం కప్పిన గడ్డి కూడా పీక్కు తిన్నాయంటే నమ్మండి, ఇది మాత్రం నేను కల్పించింది కాదు. శ్రీరాంపూర్ గనిలో పనిచేసే మా బావ, కానుపు కోసం అక్కను మా ఊరికి పంపింది ఆ ఏడే. తొలిచూలు బిడ్డ దవాఖానకు పోతుండగానే ఎడ్లబండిలో పోయింది. ఈసారి నొప్పులు మొదలైన వెంటనే తీసుకురావాలి, ఆలస్యమైతే తల్లి కూడా దక్కదని కరీంనగర్ డాక్టరమ్మ బాపును పక్కకు పిలిచి మరీ చెప్పింది. మా ఊరికి బస్సు లేదు. బాపు ఆలోచించి ఆలోచించి, ఎట్లాగూ మేపలేని ఎడ్లను అమ్మి, పాత మోటారు కొందామన్నాడు. లారీ మీద క్లీనరుగా తిరిగి నేను స్టీరింగు పట్టడం నేర్చుకొని ఉన్నాను కదా, అదీ ఆయన ధైర్యం.

శ్రీరాంపూర్‌లో బొగ్గు కాంట్రాక్టరు ఒకాయన పాత మోటారు అమ్ముతున్నాడని బావ కబురు పంపితే వెళ్ళాము. బాపు దాని చుట్టూ తిరిగి, టైరు మీద తట్టి, ముందు మూత ఎత్తి లోపలికి తొంగి చూస్తుంటే ఆ కాంట్రాక్టరు పకపకా నవ్వాడు.

"పటేలా, గిది కోడె గాదు. పండ్లేం సూస్తున్నవే?"

"పండ్లు లేకుంటె మానె గని, మేతెంత తింటదో జెప్పు," అన్నాడు బాపు.

దానికి ఆయన సీసాడు పెట్రోలు ఇంజను పక్కన వేలాడగట్టి, సన్నటి రబ్బరు గొట్టం తగిలించి, బాపును పక్కన కూర్చోబెట్టుకొని చదునైన రోడ్డు మీద తోలుకుపోయాడు. సీసా ఎండేసరికి వాళ్ళు ఎంత దూరం పోయారో, తిరిగి వచ్చిన బాపు ముఖమే చెప్పింది. అంగట్లో ఎద్దును కొనేటప్పుడు బండి నిండా రాళ్ళు వేయించి, చక్రాలకు మోకు బిగించి లాగించి చూడనిదే ధర మాట ఎత్తని మనిషి, ఆ రోజు మేత ఒక్కటే చూశాడు. కరువు ఆయన కళ్ళకు ఇంకేమీ కనపడనీయలేదు.

చదును దారినే ఇంటికి తెచ్చాక పసుపు కుంకుమ పెట్టి కొట్టంలో నిలబెట్టాడు. కొత్త పశువుకు వెంటనే బరువు పెట్టకూడదు కదా, దీనికీ అదే లెక్క. ఊళ్ళో పెద్దమనుషులు ఎక్కుతామని వస్తే, అక్క కానుపు అయ్యేదాకా దాన్ని ముట్టవద్దని చేతులు జోడించి తిప్పి పంపేవాడు. పొద్దున్నే నేను ఒక్కణ్ణే స్టార్టు చేసి ఊరి చివరి దాకా పోయివచ్చేవాణ్ణి. రాణిలా నడిచేది.

ఒకనాటి మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. వెనుక అక్కా, మమ్మల్ని కన్న అవ్వా, మంత్రసానీ, ముందు నేనూ, బాపూ. ఎండిపోయిన వాగు దాకా బాగానే వచ్చింది. అవతలి గడ్డ సగం ఎక్కి, దగ్గి, ఆగిపోయి వెనక్కి జారింది. అక్కను తప్ప అందరినీ దింపి మళ్ళీ పోనిచ్చాను, మళ్ళీ అంతే. బాపు వెనుక భుజం ఆనించి, ఎద్దును అదిలించినట్టే దాన్ని అదిలిస్తూ తోశాడు. అవ్వ మొక్కని దేవుడు లేడు. పక్క చేనులోని రైతు తన బక్క ఎడ్లను తోలుకొస్తానని పరుగెత్తాడు. అక్క వెనుక నుంచి నా భుజం పట్టుకునే ఉంది.

"తమ్మీ, ఇంకెంత దూరముందిరా?"

"అయిపోయిందక్కా. గదిగో, దవాఖాన గోడ కనపడ్తుంది."

నా ముందు తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. "గట్లనా," అని ఆమె కళ్ళు మూసుకుంది. ఎడ్లు వచ్చి, మోకు కట్టి, ఒక్క ఊపున మోటారును గడ్డకు లాగి పడేశాయి. చదునుకు రాగానే అది ఏమీ జరగనట్టే మళ్ళీ రాణిలా నడిచింది. కానీ నా భుజం మీది చేయి అప్పటికే సడలిపోయింది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు.

నెల మాసికం అయ్యాక కరీంనగర్ మిస్త్రీ ఇంజను విప్పితే, పెట్రోలు చుక్క చుక్కగా దిగే రంధ్రంలో, తక్కువ తాగేలా సన్నటి రాగి తీగె దూర్చి ఉంది. చదునులో, ఖాళీగా పోయినంతసేపూ ఆ చుక్కలు సరిపోయేవట. బరువుకూ, ఎత్తుకూ చాలేవి కావట. బాపు ఆ తీగెను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు. "పస్తున్నదానితోని ఎట్ల గుంజిపిస్తిమిరా," అన్నాడు. అమ్మినవాణ్ణి ఒక్క మాట తిట్టలేదు. ఆ తర్వాత ఆయన అంగడికి పోయి పశువును బేరమాడగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన కట్టారు. గడ్డను తవ్వి రోడ్డును చదును చేశారు. పోయిన వారం బస్సులో ఆ దారినే పోతుంటే డ్రైవరు గేరు కూడా మార్చలేదు, పక్కనున్నవాళ్ళ కునుకు చెదరలేదు. మంచిదే, ఇక అక్కడ ఎవరి బండీ ఆగదు. నేను మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి, అక్క నన్ను నమ్మి కళ్ళు మూసుకున్న చోటు కోసం వెదికాను. తుమ్మచెట్లు కూడా లేవు.