గంగులు చేతిలో బస్సు

మా కంపెనీ బస్సు కిటికీలు తెరుచుకోవు. ఏసీ ఉంది కాబట్టి తెరవాల్సిన పని లేదని వాళ్ళ వాదన. ఆ ఏసీ పనిచెయ్యదు కాబట్టి తెరవాలని నా వాదన. ఇబ్రహీంపట్నంలో ఎక్కి ఆదిభట్లలో దిగేలోపు రోజూ ఈ వాదనలో నేనే గెలుస్తాను, చెమటతో తడిసి దిగుతాను. మొన్న సోమవారం ఎక్కేసరికి లోపల టర్పెంటైన్ వాసన గుప్పుమంది. డ్రైవరు సీటు వెనక రేకు మీద ఎవరో ఎర్ర రంగుతో రూటు నంబరు కొత్తగా రాశారు, ఇంకా ఆరలేదు. తోటివాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను గట్టిగా పీల్చాను. ఆ వాసన తగిలితే నాకు పన్నెండేళ్ళు. నేనొక స్కూలు బస్సు మూడో కిటికీలోంచి తల బయటపెట్టి, గాలిలో వేలాడుతూ, ఎవరైనా కిందికి దించుతారేమోనని చూస్తుంటాను. ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే యాకూబన్న గురించి చెప్పాలి.

యాకూబన్న మా ఊళ్ళో బోర్డులు రాసే పెయింటర్. ఎరువుల దుకాణం, పంక్చర్ షాపు, పశువుల దవాఖాన, ఏది చదివినా ఆయన రాతే. మా తరం వాళ్ళం బడిలో కంటే ఆయన బోర్డుల మీదే ఎక్కువ తెలుగు నేర్చుకున్నాం. అందుకే నేను 'శ్రీ' రాస్తే ఇప్పటికీ దానికి పక్కన నీడ పడుతుంది. ఆయన పనితీరులో ఒక వింత ఉండేది. రేకు మీద సుద్దదారంతో గీతలు కొట్టి, పేరులో చివరి అక్షరాన్ని ముందు రాసేవాడు. ఆ తర్వాతే మొదటికి వచ్చేవాడు.

"అందరు మొదటికెల్లి రాస్తరు గదన్నా?" అని అడిగాను ఒకసారి.

"అందుకే అందరి బోర్డుల మీద సివరి అక్షరాలు ఫుట్‌బోర్డు మీద యాలాడుతున్నట్టు ఉంటయ్. ఏడ ఆగాల్నో ముందుగాల తెల్వాలె నర్సిగా. గప్పుడు ఎట్ల పోవాల్నో అదే తెలుస్తది."

ఒక వానాకాలం ముసురు పట్టి పది రోజులు బోర్డుల రంగు ఎండలేదు. చెయ్యి ఊరుకోక పాత క్యాలెండర్ల వెనక పదహారు పేజీల బొమ్మల పుస్తకం గీశాడు. పేరు 'గాలిమోటర్ గంగులు'. గాలిమోటరంటే మా దగ్గర విమానం. గంగులు మామూలుగా బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్. ఎక్కడన్నా అన్యాయం జరిగితే గాలిమోటర్‌లా ఎగిరిపోయేవాడు. ఎగిరినా, నిలబడినా, పెళ్ళిపందిట్లో కూర్చున్నా మోకాళ్ళ కింద దుమ్ము లేస్తూనే ఉండేది. ఆ దుమ్ములోనే ఆయన శక్తంతా ఉందని మేం నమ్మాం. యాకూబన్నకు పాదాలు గియ్యరావని చాలా ఏళ్ళకు తెలిసింది. విలన్ పేరు క్రషర్ కింకరుడు, గుట్టల్ని మింగి కంకర ఉమ్మేవాడు. వాడు మాత్రం అద్భుతంగా కుదిరాడు. లారీల వెనక అన్నేళ్ళు బొమ్మలు వేసిన చెయ్యి మరి.

ఆఖరి పేజీలో కింకరుడు నోరు తెరిచి ఉంటాడు. పైనుంచి మా బడి బస్సు పడిపోతుంటుంది. గంగులు కుడిచేత్తో దాన్ని పట్టుకుని ఉంటాడు. రెండు వేళ్ళు జారిపోయాయి, మూడు మిగిలాయి. కింద 'ఏమైందో రెండో భాగంలో' అని నీడతో సహా రాసి ఉంటుంది. బస్సు కిటికీల్లో ఉన్నవి మా క్లాసు మొహాలే. తన దుకాణం ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరినీ చూసి గీశాడు. మొదటి కిటికీలో ఆయన కూతురు షాహీన్, రెండోదాంట్లో శ్రీశైలం, మూడోదాంట్లో నేను. శ్రీశైలం కుడిచెవి కిటికీలో పట్టక బయట ఉండిపోయింది. జిరాక్సు కాపీలు తీయించి తలా ఒకటి ఇచ్చాడు. ఇతర పిల్లలు కథల పుస్తకం చదివితే తర్వాత ఏమైందని అడుగుతారు. మేం మాకేమైందని అడిగాం.

"రెండో భాగం ఎప్పుడన్నా?"

"రంగు ఎండనియ్."

మరుసటేడు అడిగితే, "సివరి పేజీ ఎప్పుడో అయింది. నడుమదే మిగిలింది" అన్నాడు. ఆయన పద్ధతి తెలుసు కాబట్టి నమ్మాం. ఆ చివరి పేజీ ఫ్రేము కట్టి, దుకాణంలో మొహం గోడకు తిప్పి వేలాడదీసి ఉండేది. చూద్దామని శ్రీశైలం ఒకసారి మంగలి షాపు నుంచి అద్దం కూడా తెచ్చాడు. షాహీన్ అడ్డం నిలబడి, "మా అబ్బ ఒద్దన్నడు. జరుగు" అంది. జరిగాం.

ఆ రోజుల్లోనే యాకూబన్న రాతలో కొత్త శైలి ఒకటి వచ్చింది. కుడిచేత్తో బ్రష్ పట్టుకుని, ఆ మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని రాసేవాడు. అది గొప్ప కళాకారుల మర్మమని మేం తీర్మానించాం. శ్రీశైలం పదో తరగతి పరీక్షలన్నీ అలాగే మణికట్టు పట్టుకుని రాశాడు. చెయ్యి విరిగిందా బాబూ అని ఇన్విజిలేటర్ అడిగాడు. దస్తూరీ మారలేదు, మార్కులూ మారలేదు.

శేరిగూడలో ఇంజనీరింగ్‌కు చేరేసరికి మేం రెండు వర్గాలయ్యాం. చెయ్యి జారుతుందని శ్రీశైలం వర్గం, జారదని నా వర్గం. బస్సు బరువెంత, మూడు వేళ్ళు ఎంతసేపు ఆగుతాయని నోటు పుస్తకాలు నింపాం. నాలుగేళ్ళ చదువులో నాకు పూర్తిగా అర్థమైన సమస్య అదొక్కటే. చివరి ఏడాది ఇక ఆగలేక, మా ప్రాంతంలో ఎవరి మీదైనా అభిమానం ఉంటే ఏం చేస్తారో అదే చేశాం. ఫ్లెక్సీ కట్టాం. సరిగ్గా యాకూబన్న దుకాణం ఎదురుగా. 'గాలిమోటర్ గంగులు రెండో భాగం వెంటనే విడుదల చేయాలి, ఇట్లు గంగులు అభిమాన సంఘం' అని. కింద ఆనవాయితీ ప్రకారం ఇరవై రెండు మంది ఫొటోలు. నేను చలువ కళ్ళద్దాలు పెట్టుకున్నాను. గంగులుకు ఒక మూల అగ్గిపెట్టెంత జాగా దొరికింది.

కట్టి, కిందికి దిగి, చేతులు దులుపుకున్నాక గానీ మాకు తట్టలేదు. అప్పటికి ఊళ్ళో బోర్డులన్నీ ఫ్లెక్సీలైపోయాయి. యాకూబన్నకు ట్రాక్టర్ల నంబర్లు తప్ప పని లేదు. ఆయన బ్రష్‌ను మూలన పడేసిన వస్తువు మీదే మా ప్రేమంతా అచ్చేయించాం. ఇంజనీర్లం అని చెప్పుకోవడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

ఆయన బయటికి వచ్చాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, మొత్తం చదివాడు. ఫొటోలను కూడా ఒక్కొక్కటే చదివాడు.

"మస్తుగుంది. ఎవరు రాసిండ్రు?"

"మిషనన్నా" అన్నాడు శ్రీశైలం, అబద్ధం చెప్పడం రాక.

"గట్లనా. అయితే రెండో భాగం గూడ దాన్నే గియ్యమను." లోపలికి పోబోయి ఆగాడు. "'చేయాలి' కాడ జాగ సాలక ఇరికించింది సూడు. సివరిది ముందుగాల పెట్టాలె అని దానికి జర చెప్పుండ్రి."

పన్నెండేళ్ళ వయసు నుంచీ మేం దాచుకున్న చనువంతా ఆ ఒక్క ఫ్లెక్సీతో పోగొట్టుకున్నట్టనిపించింది. ఇక ఆ దుకాణం గడప ఎక్కనిస్తాడో లేదో తెలియదు. మరునాడు క్షమాపణ చెప్పడానికి ఒక్కణ్ణే పోయాను. అప్పటికే ఫ్లెక్సీ విప్పి తన పాత స్కూటరుకు కప్పుతున్నాడు. నా మొహం సరిగ్గా సీటు మీదికి వచ్చింది.

"కోపమొచ్చిందా అన్నా?"

"కోపమెందుకు రా? ఇరవై రెండు మంది నా కోసం ఫొటోలు దిగిండ్రు. నా పెండ్లిల గూడ గన్ని ఫొటోలు లెవ్వు." ఫ్లెక్సీ అంచును తాడుతో కట్టబోయాడు. ముడి పడలేదు. నేను కట్టాను. ఆ కట్టేటప్పుడే నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పటికీ నాకు గుర్తుంది.

"మరి రెండో భాగం?"

ఆయన నవ్వాడు. "సివరిది ఎవడన్న గీస్తడు నర్సిగా. నడుమది పట్టుకోవాలంటేనే కష్టం."

దాన్ని కూడా కళారహస్యమనే అనుకుని, అభిమాన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పద్దెనిమిది మంది చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నేను ఆఫీసులో ఏ పని మొదలుపెట్టినా ముందు చివరి పేజీ తయారు చేస్తాను. ఎక్కడ ఆగాలో తేలాక మొదటికి వస్తాను. మా మేనేజర్ దానికి ఒక ఇంగ్లీషు పేరు పెట్టి, తన పద్ధతని మీటింగుల్లో చెప్పుకుంటాడు. నేను అభ్యంతరం చెప్పను. నాది కూడా కాదు కదా.

పోయిన వానాకాలంలో యాకూబన్న పోయాడు. ఇప్పుడు కందుకూరులో లెక్కల టీచరుగా ఉన్న షాహీన్ దుకాణం ఖాళీ చేస్తూ మాకు కబురు పెట్టింది. తొమ్మిది మందిమి పోయాం. రేకులన్నీ తీసేశారు, గోడకు ఆ ఫ్రేము ఒక్కటే ఉంది. శ్రీశైలం, నేను చెరోపక్క పట్టుకుని తిప్పాం.

చెయ్యి జారలేదు. నా వర్గమే గెలిచింది. బస్సు రోడ్డు మీద క్షేమంగా ఆగి ఉంది, తలుపు తెరిచి ఉంది. పిల్లలందరూ దిగి బడివైపు పరుగెత్తుతున్నారు, అందరి వీపులే కనిపిస్తున్నాయి. శ్రీశైలాన్ని చెవిని బట్టి గుర్తుపట్టాం. నన్ను నేను గుర్తుపట్టలేకపోయాను. ఈ పక్కన రోడ్డంచున గంగులు కూర్చుని ఉన్నాడు. మొదటిసారి దుమ్ము లేదు, పాదాలున్నాయి. ఎడమ పాదానికి ఆరు వేళ్ళు. అభిమానులం కాబట్టి రెండుసార్లు లెక్కపెట్టాం. గంగులు ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని, వెళ్ళిపోతున్న పిల్లల్ని చూస్తున్నాడు.

"అరే, గిది అన్న స్టైలే గదరా!" అన్నాడు శ్రీశైలం సంబరంగా, తన మణికట్టు పట్టుకుని చూపిస్తూ.

షాహీన్ మా చేతుల్లోంచి ఫ్రేము తీసుకుంది. కొంగుతో అద్దం మీది దుమ్ము తుడిచింది.

"ఇన్నేండ్లు రెండో భాగం ఏదని అడిగిండ్రు. మా అబ్బ చెయ్యికి ఏమైందని మీల ఒక్కడన్న అడిగిండా?"