అప్సెట్టు కొట్టిన గురువారం

బహ్రెయిన్‌లో దిగిన ఆ కొత్తల్లో నాకు ఇంగ్లీషంటే ఉన్న భయం అంతా ఇంతా కాదు. పదో తరగతి మూడుసార్లు రాశాను, మూడుసార్లూ తప్పింది ఇంగ్లీషులోనే. ఫారం మీద పేరు రాయమన్నా చెమటలు పట్టేవి. మరి ఎలా వచ్చావయ్యా అంటారా? మాది కమ్మరి ఇల్లు. మా నాయిన, ఆయనకంటే ముందు తాత, ఇంగ్లీషు దొరల కాలం నాటి బొగ్గుబావి కార్ఖానాలో కొలిమి పని చేసినవాళ్లు. నడక వచ్చిన కొన్నాళ్లకే నాకు సుత్తి పట్టడం వచ్చేసింది (గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, వచ్చిందే ఆ ఒక్కటి). కాగితం మీద బ్లాక్‌స్మిత్ అని రాయించుకుని సల్మాబాద్‌లో ఒక షెడ్డుకు వచ్చిపడ్డాను. మా ఊళ్లో మాత్రం దుబాయి పోయాడనే చెప్పుకున్నారు.

తీరా చూస్తే అక్కడ కొలిమే లేదు, ఉన్నదంతా వెల్డింగు. నా చేతికి వెల్డింగ్ రాడ్డు ఇస్తే రేకు అతుక్కోవడం అటుంచి, చిల్లులు పడేవి. మా ఫోర్‌మన్‌ది గోదావరి జిల్లా, అందరం గోదారి సార్ అనేవాళ్లం. మంచివాడే గాని నోరు ఊరుకోదు. "నిన్ను బ్లాక్‌స్మిత్ అని పంపిన మహానుభావుడెవడయ్యా బాబూ! ఇదేమన్నా జల్లెళ్లు చేసే కంపెనీ అనుకున్నావా ఏంటి?" అంటూనే రెండు నెలలు ఓపిక పట్టి, ఒక ఆదివారం అసలు మాట చెప్పేశాడు. "ఆఫీసోళ్లు నీ వీసా క్యాన్సిల్ చేసేస్తారంట. గురువారంతో ఖలాస్. నా చేతుల్లో ఏం లేదబ్బాయ్." వచ్చేటప్పుడు వాడకట్టు మొత్తం బస్టాండుకొచ్చి సాగనంపింది. మూడో నెల తిరక్కుండా అదే బస్టాండులో దిగితే ఏ మొహం పెట్టుకుని నడవాలి? నిజం చెప్తున్నాను, క్యాంపు బాత్రూంలో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చాను.

గురువారం మధ్యాహ్నం వచ్చాడండీ ఆ ముసలి ఇంగ్లీషు దొర. ముహర్రఖ్‌లో పాత ఇళ్లు బాగుచేయించే ఇంజనీరట. చేతిలో పాతకాలపు కిటికీ చువ్వ ఒకటుంది, దాని కొస ఉబ్బి లావుగా ఉంది. అలాంటివి అరవై కావాలట. గోదారి సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "నో ప్రాబ్లం సర్, వెల్డింగ్" అన్నాడు. దొర తల అడ్డంగా ఊపి, "నో వెల్డింగ్. అప్సెట్ ది ఎండ్" అన్నాడు. సార్ మొహం పాలిపోయింది. "వై అప్సెట్ సర్? ప్లీజ్ సిట్, ప్లీజ్" అంటూ కుర్చీ లాగాడు, ఫ్యాను ఆయన వైపు తిప్పాడు, చాయ్‌కి మనిషిని పరిగెత్తించాడు. దొర కూర్చోలేదు. చువ్వ కొసను వేలితో పొడుస్తూ, "అప్సెట్! అప్సెట్!" అని ఈసారి గట్టిగా అన్నాడు. "చచ్చాంరా నాయనా, ఈయన ఇంకా అప్సెట్ అయిపోతున్నాడు" అని సార్ తెలుగులో గొణుక్కున్నాడు.

ఇందులో అర్థం కానిదేముందో నాకు అర్థం కాలేదు. అప్సెట్టు అనేది మా ఇంట్లో రోజూ వినపడే మాట. చువ్వ కొసను ఎర్రగా కాల్చి, నిలబెట్టి నెత్తిన కొడితే పొడవు తగ్గి కొస లావెక్కుతుంది. అదీ అప్సెట్టు. (బడిలో ఒకసారి హెడ్మాస్టరు గారు అప్సెట్ అయ్యారని టీచరమ్మ చెబితే, పాపం ఆయన్ను నెత్తిన ఎవరు కొట్టారోనని రోజంతా బాధపడినవాణ్ణి.) ఉండబట్టలేక ముందుకొచ్చి, "సార్, అప్సెట్టు కొట్టాలె సార్" అన్నాను. సార్ ఉలిక్కిపడి నా చొక్కా పట్టుకున్నాడు. "ఎవర్నిరా కొట్టేది, దొరనా? పోయేవాడివి పోక నన్ను కూడా తీసుకుపోతావా ఏంటి!"

"అయ్యో, దొరను కాదు సార్, సలాకను!"

ఇక మాటలతో పని కాదనుకున్నాను. గ్యాస్ మంట ముట్టించి, షెడ్డులోని కొత్త చువ్వ ఒకదాని కొస నిమ్మపండు రంగు తిరిగేదాకా కాల్చి, మూలనున్న క్రేను నడిచే పట్టా ముక్కనే దాగలిగా కింద వేసుకుని సమ్మెట ఎత్తాను. నాలుగు దెబ్బలకు కొస ఉబ్బింది. వంకర పోయినచోట పక్కకు తిప్పి రెండు తట్టాను. దొర నా పక్కకొచ్చి నిలబడి, "ఫుల్లర్?" అన్నాడు. "పుల్లరు లేదు దొరా, గుండు సలాకతోని నొక్కుత" అన్నాను తెలుగులోనే. "స్వేజ్?" అన్నాడు. "సేజు గూడ లేదు. ఉంటే మస్తుగొస్తుండె." (రెండూ కాలిన ఇనుమును నొక్కి మలిచే పనిముట్లే.) ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. చిన్నప్పటి దోస్తుల్లా మేం మాట్లాడుకుంటుంటే గోదారి సార్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

చల్లారిన చువ్వను దొర పాతదాని పక్కన పెట్టి చూసుకుని, నా భుజం తట్టి, సార్‌తో చాలాసేపు మాట్లాడాడు. సార్ నా దగ్గరకు ఉరికొచ్చాడు. "అరవై చువ్వలూ నువ్వే చెయ్యాలంట! వేరేవాడి చెయ్యి పడితే పని ఇంకో షెడ్డుకి ఇచ్చేస్తాడంట! ఆఫీసుతో నేను మాట్లాడతాను, నీ వీసా ఎవడు ముట్టుకుంటాడో చూస్తాను!" నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేశాను కూడా. ఆ ఊపులోనే అడిగాను, "సార్, ఈ దొర మన తెలుగు యాడ నేర్చుకున్నడు సార్?"

"తెలుగేంట్రా నీ మొహం! అవన్నీ పాత ఇంగ్లీషు మాటలంట. వాళ్ల దేశంలోనే జనం మర్చిపోయారంట. ఇతనికెలా తెలుసని ఆయనే నన్ను అడుగుతున్నాడు!"

మా ఇంట్లో మూడు తరాలుగా ఇంగ్లీషు మాట్లాడుకుంటున్నామని, నేను మూడుసార్లు తప్పింది ఆ ఇంగ్లీషులోనేనని నాకు అప్పుడే తెలిసింది. సాయంత్రం నాయినకు ఫోన్ చేసి చెబితే, "ఏ, ఊకోరా! అది మన కమ్మరోళ్ల మాట. తెల్లోళ్లే మనకాడ నేర్చుకొని పోయిన్రు గావచ్చు" అని కొట్టిపారేశాడు. గెలిచినవాడికి వాదనెందుకని సరే నాయినా అని ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు ఆ షెడ్డులో కొలిమి ఉంది, దాని ముందు నలుగురు పనివాళ్లున్నారు, వాళ్ల మీద నేనున్నాను. ఇంగ్లీషు కూడా కాస్త పట్టుబడింది. అయితే ఇప్పుడు ఏ దొరైనా వచ్చి పలకరిస్తే, ఇక్కడ వేయాల్సింది ఈజా, వాజా అని నేను లోపల తేల్చుకునేసరికి ఆయన కారెక్కేస్తున్నాడు. ఆ గురువారం దొర కళ్లల్లోకి చూసి తడుముకోకుండా బదులిచ్చినవాడికి అది ఇంగ్లీషని తెలియదు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త కుళ్లు కూడా పుడుతుంది.