స్టీరింగు మీద నాలుగు వేళ్ళు

"ఎంతాడుతోందే?"

"రెండు వేళ్ళే నాన్నా."

"ఈసారి నిజవేనా?"

మా నాన్నకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవి. అమలాపురం ఆసుపత్రిలో మంచం మీద పడుకుని, రెండు చేతులూ గాలిలో గుండ్రంగా పట్టుకుని, లేని బండిని తోలుతున్నట్టు కుడికీ ఎడమకీ తిప్పుతూ అడిగారు. పక్క మంచం వాళ్ళు సంధి మాటలనుకున్నారు. నేను అనుకోలేదు. ఆ మూడో మాటకు జవాబు వెతుక్కునేలోగా ఆయన నిద్రలోకి జారిపోయారు, మళ్ళీ లేవలేదు.

మొన్న ఆయన రేకు పెట్టె సర్దుతుంటే అడుగున పాత గుడ్డలో చుట్టి ఒక ఇనుప ముక్క దొరికింది. నిమ్మకాయంత గుండు, దానికో మెడ. బండి స్టీరింగు కడ్డీ చివర ఉండే కీలు అది. ఒక పక్క అరిగి చప్పిడిగా అయిపోయింది. ఇన్నేళ్ళయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే గ్రీజు వాసన, దాని కింద సన్నగా కాలువ ఒండ్రు వాసన. మా ఆయన పోయినప్పుడు కూడా ఇంత సేపు ఒక వస్తువును పట్టుకుని కూర్చోలేదు. నాకు సంతకం దాటి రాయడం రాదు, అందుకని నేను చెబుతుంటే నా మనవరాలు బుజ్జి రాస్తోంది.

మాది కొత్తపేట దగ్గర పల్లె. డెబ్బైల్లో, నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు, నాన్న ఎవరో వాడి వదిలేసిన పికప్పు వ్యాను కొన్నారు. పొద్దున్నే అరటి గెలలు ఎత్తుకుని రావులపాలెం మార్కెట్టుకు వెళ్ళేవారు, మధ్యాహ్నానికి ఖాళీ బండితో వచ్చేవారు. ఆ బండి వెనక భాగమే నా చిన్నతనం. అరటి పాల జిగురు, ఎండుటాకులు, కొబ్బరి పీచు, డీజిలు, వానాకాలంలో తడిసిన గోనెలు, ఎండాకాలంలో ఎక్కడో ఒక గెల ముగ్గిపోయి తియ్యగా కొట్టే వాసన, అన్నీ కలిసి ఆ రేకుకు పట్టేసి ఉండేవి. రాలిన పళ్ళు నావి. కక్కుర్తిగా తిని రాత్రి అన్నం వద్దనేదాన్ని.

సాయంత్రమయితే బండిని కాలువ రేవులోకి దింపేవాళ్ళం. ఒక పక్క గేదెలు, ఒక పక్క మా వ్యాను. ముందు చక్రాలు మునిగేదాకా నీళ్ళలోకి తోలి, నాన్న లుంగీ ఎగ్గట్టి రేకులు కడిగేవారు, నేను నడుం లోతు నీళ్ళలో నిలబడి కొబ్బరి పీచుతో చక్రాలు, వాటి వెనకున్న కడ్డీలు, కీళ్ళు అన్నీ తోమేదాన్ని. చక్రాల మట్టి కోసం చేపపిల్లలు మూగి కాళ్ళకు కితకితలు పెట్టేవి. మెరిసే బండిని చూసి రేవులో వాళ్ళు "పెళ్ళికూతుర్ని చేసేరు కదండీ" అంటే నాన్న మొహం వెలిగిపోయేది.

రెండేళ్ళు తిరిగేసరికి స్టీరింగు వదులయింది. తిన్నని రోడ్డు మీద కూడా నాన్న చేతులు ఊరుకునేవి కావు, అటో చిటికెడు, ఇటో చిటికెడు తిప్పుతూనే ఉండాలి. మా నాన్నమ్మ పక్కన కూర్చుని చూసి చూసి, "ఏరా, బండి తోలుతున్నావా, పిండి జల్లిస్తున్నావా?" అంది ఒకసారి. నాన్న స్టీరింగు పెట్టె మీదున్న మర కాస్త బిగించారు. స్టీరింగు చువ్వ కిందికి దిగి చేరే ఇనుప పెట్టె అది. నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. మళ్ళీ బిగించేవారు. పోను పోను మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం మానేసింది, బలంగా లాక్కోవలసి వచ్చేది. వదులు మాత్రం వదుల్లాగే ఉండేది.

అప్పుడు మొదలయింది మా పొద్దుటి కొలత. చక్రాలు తిన్నగా పెట్టి, ఇంజను ఆపి, నేను సీట్లో కూర్చుని స్టీరింగును మెల్లగా తిప్పాలి. నాన్న కింద టైరు వంక చూస్తూ, అది కదలగానే "ఆఁ" అనేవారు. అప్పటిదాకా స్టీరింగు ఉత్తినే ఎంత తిరిగిందో నా వేళ్ళతో కొలిచి చెప్పాలి. రెండు వేళ్ళయితే మంచిది. నాలుగు వేళ్ళదాకా జాగ్రత్తగా వెళ్ళేవారు. దాటితే బండి కదిలేది కాదు. ఆ పని నాదయినందుకు నాకు ఎంత గర్వమో!

ఆ ఏడు వాడపల్లి తీర్థానికి మా బండిలోనే వెళ్దామనుకున్నాం. అమ్మ, నాన్నమ్మ, పక్కింటి ఆడవాళ్ళిద్దరూ పులిహోర మూటలతో తెల్లారకముందే తయారు. నాకు ఎర్ర రిబ్బన్లు, గాజులు కొంటామన్నారు. సీట్లో కూర్చుని తిప్పాను. తిరిగింది, తిరిగింది, ఇంకా తిరిగింది. "ఆఁ" అనేసరికి నా చిన్న చెయ్యి చాచితే జానెడు.

"ఎంతాడుతోందే?"

బండి వెనక ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

"నాలుగు వేళ్ళే నాన్నా."

కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా బస్సు వచ్చింది. నాన్న దారి ఇవ్వడానికి ఎడమకు తప్పించారు, బస్సు దాటాక కుడికి తిప్పారు. స్టీరింగు తిరిగింది, బండి తిరగలేదు. ముందు చక్రం గట్టు దిగి, బండి ముక్కు కాలువలోకి వంగి, మట్టిలో దిగబడి ఆగింది. ఆ ఏడు కాలువలు పెందలాడే కట్టేశారు కాబట్టి అడుగున బురద తప్ప నీళ్ళు లేవు. నీళ్ళుంటే ఈ మాటలు చెప్పడానికి నేనుండను. అమ్మ కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించినా అది తిన్నగా అతకలేదు. తర్వాత ఎప్పుడూ రుబ్బురోలు తిప్పలేకపోయింది.

బండిని ఎడ్లతో లాగించి రావులపాలెంలో వీర్రాజు మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు, ఎందుకో తెలియదు. మేస్త్రి ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపి చూశారు, అక్కడ ఏమీ లేదు. మళ్ళీ కిందికి దించారు.

"పెట్టె ఎవరు బిగించేరండీ?"

"నేనేనండీ."

"పెట్టె జోలికెందుకెళ్ళేరండీ బాబూ! వదులు ఎక్కడుందో చూసుకోకుండా?"

"కిందికి దూరి చూసేనండీ. అన్నీ బాగానే ఉన్నాయండీ."

"నిలబడ్డ బండిలో అన్నీ బాగానే ఉంటాయండి. పైన ఒకరు తిప్పుతుంటే కింద ఇంకొకరు పట్టుకుని చూడాలి." నా వంక తిరిగారు. "అమ్మాయీ, నీ చెయ్యయితే సందులో దూరుతుంది. ఒక్కో కీలు మీదా వేళ్ళు వెయ్యి. నాన్నగారు తిప్పుతారు. ఎక్కడ టక్కుమంటే అక్కడ చెప్పు."

నేలమీద వెల్లకిలా పడుకున్నాను. మొదటి కీలు, ఉలుకూ పలుకూ లేదు. రెండోది అంతే. పెట్టె నుంచి చక్రానికి వెళ్ళే పొట్టి కడ్డీ చివర వేళ్ళు వేయగానే టక్కుమంది. కడ్డీ కదిలింది, చక్రం కదల్లేదు.

"ఇక్కడండీ" అన్నాను. మేస్త్రికి వినపడలేదు. రెండోసారి అరిచి చెప్పాను.

మేస్త్రి ఆ కీలు ఊడదీశారు. పైనున్న రబ్బరు తొడుగు చిరిగిపోయింది. లోపల గ్రీజుకు బదులు బూడిద రంగు ఒండ్రు.

"ఇదెక్కడి ఒండ్రండీ? బండిని గాని కాలవలో దింపుతారా?"

"ఆయ్. రోజూ కడుగుతావండీ."

"గేదె అనుకున్నారేంటండీ!" అని మేస్త్రి తల పట్టుకున్నారు. పీచుతో నేను తోమిన చోటే అది. రోజూ శుభ్రంగా గ్రీజు కడిగేసి ఒండ్రు నింపాను.

కొత్త కీలు వేసి, నట్టు ఊడకుండా చీల దూర్చి, పెట్టె మర ఉండవలసిన చోటికి వెనక్కి తిప్పి, ముందు చక్రాల మధ్య దూరం పురికొసతో కొలిచి సరిచేశారు. వారానికోసారి గ్రీజు కొట్టమన్నారు. మళ్ళీ సీట్లో కూర్చుని కొలిచాను, రెండు వేళ్ళు. చెప్పాను. నాన్న లేచి వచ్చి, నా వేళ్ళ పక్కన తన వేళ్ళు కూడా పెట్టి చూసుకున్నారు. ముచ్చటపడి చూశారనుకున్నాను. ఆ తర్వాత ప్రతి పొద్దునా అలాగే చూసేవారు. ఆసుపత్రిలో ఆ మూడో మాట అడిగేదాకా, నలభై ఏళ్ళు పైగా ముచ్చటే అనుకున్నాను.

అమ్మ చేతి గురించి ఎవరైనా అడిగితే నాన్న "నేను చూసుకోలేదండీ" అనేవారు. నేను పక్కనే ఉండి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, ఊరి పొలిమేర దాటకముందే ఆయన చేతులకు తెలిసి ఉండాలి, జానెడు వదులు తోలేవాడికి తెలియకుండా ఉండదు. అయినా ఆపలేదు. పక్కన కూర్చున్న నా మొహం చూశారేమో. అది ఆయన తప్పు. నాలుగు వేళ్ళని చెప్పడం నా తప్పు. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకరి తప్పు ఒకరికి చెప్పకుండా దాచుకున్నాం.

ఆ వ్యాను పాత ఇనుముకు పోయింది. రేవుకు సిమెంటు మెట్లు కట్టారు, వాటి మీద ఎవరూ దేన్నీ కడగరు. బుజ్జి వాళ్ళ నాన్న కారు స్టీరింగు ఒక వేలితో తిరుగుతుంది, ఎంతాడుతోందని ఎవరూ ఎవర్నీ అడగరు.

ఆసుపత్రిలో నిజమే నాన్నా అనడానికి కూడా నా దగ్గర నిజం లేదు. ఆ రోజు డాక్టరు నాతో చెప్పింది వేరు, నేను నాన్నతో చెప్పింది వేరు.

బుజ్జీ, జానెడు అని రాశావా, నా మొహం చూసి నాలుగు వేళ్ళని మార్చేశావా? ఏదీ, మొదట్నించీ చదువమ్మా.