ఒక మనిషికి ఒకే నంబరు

మా పిన్నికి ఇంట్లో ఏ వస్తువూ రెండోది ఉండకూడదు. రెండు దువ్వెనలు కనబడితే ఒకటి మాయం. కళ్ళజోడు పోయిందని బాబాయి కొత్తది కొనుక్కున్నాక పాతది దొరికింది. ఆ రోజు ఆయన తిన్న చీవాట్లు పగవాడికి కూడా వద్దు. ఈ పిచ్చి ఉన్న మనిషికి ఆసుపత్రి వాళ్ళు ఏరికోరి రికార్డుల గది అప్పగించారు.

ఒకే రోగి ఒకసారి కాలు విరిగి వస్తాడు, మరోసారి జ్వరంతో వస్తాడు. రెండోసారి కౌంటర్లో తొందరపడి కొత్త నంబరు ఇచ్చేస్తారు. దాంతో ఒకే మనిషికి రెండు ఫైళ్ళు, ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరుకు కనిపించదు. అలాంటి జంట ఫైళ్ళను వెతికి పట్టుకుని ఒకటిగా కలపడం పిన్ని పని. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఫోను నంబరు కలిస్తే కలిపేయవచ్చని ఆ గది నియమం. వెనకాల అందరూ ఆమెను చీపురు మేడం అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోలోపల మురిసిపోతుంది కూడా.

ఆమె పక్క బల్ల నాది. డాక్టర్లు గజిబిజిగా గీకిన జబ్బుల పేర్లను కోడ్లుగా మార్చి కంప్యూటర్లో ఎక్కిస్తాను. ఈ ఉద్యోగం ఇప్పించింది పిన్నే. ఆ మాట వీలు దొరికినప్పుడల్లా గుర్తుచేసేదీ పిన్నే.

ఆ ఉదయం చంకలో పిల్లాడితో ఒకమ్మాయి మా కిటికీ దగ్గరికి వచ్చి, ప్రసవం కాగితాలు కావాలని కార్డు ఇచ్చింది. పిన్ని నంబరు కొట్టి చూసి ముఖం చిట్లించింది.

"ఎవరి కార్డమ్మా ఇది?"

"నాదేనండీ."

"నువ్వు పైన సర్జరీ వార్డులో ఉన్నావు. ఈ పూట నీకు అపెండిక్స్ ఆపరేషన్."

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "నేను పైనుంటే మీతో మాట్లాడేదెవరండీ? పైనున్నది మా అక్క. అంటే మా తోటికోడలు. మా ఇద్దరిదీ ఒకటే పేరు. ఇంట్లో ఆమెను పెద్దదీ, నన్ను చిన్నదీ అంటారు."

"మరి పుట్టిన తేదీ?"

"అదెవరికి తెలుసండీ! ఇద్దరం ఒక ఈడువాళ్ళం. వయసు చెప్తే కౌంటర్లో వాళ్ళే ఏదో వేసుకున్నారు."

ఏం వేసుకుంటారో మాకు తెలుసు. తేదీ తెలియని వాళ్ళందరికీ జనవరి ఒకటి. కోడళ్ళిద్దరిదీ ఒకటే ఇల్లు, ఇద్దరూ ఇచ్చింది అత్తగారి ఫోను నంబరు. అన్నీ అతికినట్టు కలిశాయి. మొన్ననే పిన్ని ఇద్దరినీ ఒక మనిషిని చేసేసింది.

పిన్ని ముఖంలో నెత్తురు చుక్క లేదు. గబగబా పాత వివరాలు తెరిచింది. పెద్దకోడలి ఫైల్లో పెన్సిలిన్ పడదని, ఒకసారి ఇస్తే ఊపిరాడక ప్రాణం మీదికి వచ్చిందని ఉంది. చిన్నకోడలి ఫైల్లో మందుల ఇబ్బంది ఏదీ లేదని ఉంది. రెంటికీ పొంతన కుదరకపోతే ఆఖరున రాసింది ఉంచడం మా గదిలో అలవాటు. ఆఖరున వచ్చింది ప్రసవానికి చిన్నకోడలు. ఆ మాట ఉండిపోయి, పెన్సిలిన్ మాట ఎగిరిపోయింది. ఆపరేషన్‌కు ముందు మామూలుగా ఎక్కించేది ఆ జాతి మందే.

వార్డుకు ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు. పిన్ని అప్పటికే తలుపు దాటింది. నేను ఫోను ఆ చిన్నకోడలి చేతిలో పెట్టి, "ఎవరైనా ఎత్తితే మీ అక్కకు పెన్సిలిన్ ఇవ్వొద్దని గట్టిగా చెప్పు," అని చెప్పి వెనకే పరిగెత్తాను.

లిఫ్టు నిండా స్ట్రెచరు. మెట్లెక్కాం. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో మంచినీళ్ళు కూడా నా చేత తెప్పించుకునే మనిషి రెయిలింగు పట్టుకుని నాకంటే ముందు ఎక్కుతోంది. నాకు ఆమె మీద ఒళ్ళు మండుతోంది. కలిపేముందు ఆ ఇంటికి ఒక్క ఫోను చేసి అడిగి ఉంటే ఏం పోయేది?

థియేటరు బయట పెద్దకోడలు ట్రాలీ మీద పడుకుని ఉంది. నర్సు మందు సీసా తగిలించి, చుక్కలు వదలడానికి గొట్టానికున్న చిన్న చక్రం మీద వేలు వేసింది.

"ఆపండి! అందులో ఏముంది? పెన్సిలిన్ జాతిదేనా?" అని అరిచింది పిన్ని.

"అవును. ఫైల్లో అలర్జీ ఏం లేదుగా. ఇంతకీ మీరెవరు?"

"ఫైలు తప్పు."

"ఫైలు తప్పేంటండీ?"

పిన్నికి ఊపిరి అందడం లేదు. తప్పును కంప్యూటరు మీదికి తోసేయవచ్చు, కౌంటరు వాళ్ళ మీదికి తోసేయవచ్చు. "తప్పు చేసింది నేను. ఇద్దరు మనుషుల్ని ఒకటిగా కలిపేశాను. ఈమెకు పెన్సిలిన్ పడదు. ప్రాణం పోతుంది, తీసేయండి!" అంది.

నర్సు వేలు వెనక్కి తీసుకుని సీసా దించేసింది. డాక్టరు బయటికి వచ్చి విషయం విని, వేరే మందు రాసి, మనుషులంటే కాగితాలనుకున్నారా అని నలుగురిలో కడిగేశాడు. ఎవరి మాటా పడని పిన్ని తల వంచుకుని నిలబడింది.

అప్పుడు ట్రాలీ మీద నుంచి పెద్దకోడలు మెల్లగా అంది. "నేను చెప్పానండీ, నాకేదో మందు పడదని. పేరు గుర్తు రాలేదు. కంప్యూటర్లో లేదన్నారు. మీ దగ్గర అన్నీ రాసుంటాయి కదా, నేనే తప్పుగా అనుకుంటున్నానేమోనని ఊరుకున్నాను."

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు సరిగ్గానే గుర్తుంది తల్లీ. నేనే చెరిపేశాను."

ట్రాలీ లోపలికి వెళ్ళింది. పిన్ని అక్కడే బెంచీ మీద కూలబడింది. పెద్దకోడలు క్షేమంగా బయటికి వచ్చాక కూడా లేవలేదు. "గండం గడిచింది కదా పిన్నీ, పద," అన్నాను.

"ఇన్నేళ్ళలో ఎంతమందిని కలిపానో నాకే తెలీదే," అంది నా వైపు చూడకుండా. "ఈ పిల్ల కాగితాల కోసం వచ్చింది గనక తెలిసింది. రానివాళ్ళ సంగతేంటి?"

ఆమె పక్కనే కూర్చున్నాను.