నవ్వు వినిపించని సీరియల్

మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది. చెల్లెల్ని ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావాల్సి వచ్చి బడి మాన్పించారు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, అలాగే రాస్తాను. మనవరాలి పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి కుట్టుకున్నాను. వాటి మీదే ఇది రాస్తున్నాను. నోటితో చెప్పడానికి సిగ్గు, చెప్పకుండా ఉండడానికి బరువు.

టీవీలో నవ్వించే కార్యక్రమమంటే నాకు తెలిసింది ఒకటే. ఎవడో జారి పడతాడు, ఎవరో ఎవరినో చెంప మీద కొడతారు, వెంటనే వెనకనుంచి జనం నవ్విన చప్పుడు వస్తుంది. అది వినపడితే అక్కడ నవ్వాలని అర్థం. నేనూ కాస్త మూతి కదిపి మళ్ళీ పనిలో పడేదాన్ని. ఆ సంవత్సరం మిరపకాయలు ఇంటికొచ్చిన రోజుల్లో, సాయంత్రం ఏడింటికి ఒక కొత్త సీరియల్ మొదలైంది. దానికి ఆ చప్పుడు లేదు. ఎవరూ పడరు, ఎవరూ అరవరు. ఒక అత్త, ఒక కోడలు, వచ్చిపోయే చుట్టాలు. అంతే.

మా ముందుగదిలో టీవీ ఎదురుగా పట్టా పరిచి, కాయలు పోసి, తొడిమెలు తీసేవాళ్ళం. కాయ విరగకుండా ముందే కాసిని నీళ్ళు చిలకరించి మెత్తబడనిస్తాం. ఘాటు ఎగరకుండా ఫ్యాను ఒకటో నంబరులో పెడతాం. పక్కింటి ఆమె నాకు వరసకు వదిన. ఆమె, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవాళ్ళు. ఇవాళ మా కాయలు, రేపు వాళ్ళ కాయలు. టీవీ ఉంటే చేతులకు అలుపు తెలియదని నేనే పెట్టించేదాన్ని.

మా కోడలిది వెల్దుర్తి వైపు. మా ఇంటికి వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళు. చెప్పిన పని చేస్తుంది, ఎదురు చెప్పదు. ఆమె నవ్వు నేను విన్నదల్లా వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడే. అంతకు ముందు ఏడాది ఆ తల్లి పోయింది. అప్పటినుంచి ఆ కాస్త నవ్వూ మా ఇంట్లో లేదు. నేను దాన్ని పట్టించుకోనూ లేదు. ఇంట్లో పని ఆగకపోతే అంతా బాగానే ఉందనుకునే మనిషిని నేను.

అలాంటి పిల్ల ఆ సీరియల్ చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. గట్టిగా కాదు. ముక్కుతో చిన్న గాలి వదిలినట్టు, భుజాలు కదిలేటట్టు. ఎందుకు నవ్వుతోందో నాకు అంతుపట్టేది కాదు. సీరియల్లో అత్త ఇంటికొచ్చినవాళ్ళను గుమ్మంలోనే, "కాఫీ తాగే వచ్చుంటారు" అని పలకరిస్తుంది. అందులో నవ్వడానికేముంది? తాగే వస్తారు కదా ఎవరైనా. సబ్బు అరిగి పలచబడితే దాన్ని కొత్త సబ్బుకు అంటిస్తుంది. అదీ సరైన పనే. ఆ అత్త ఒక్కసారైనా నవ్వదు, కోప్పడదు. మంచి సంసారం తెలిసిన మనిషి అనుకుని నేను శ్రద్ధగా చూసేదాన్ని.

ఒకరోజు అందులో చుట్టం ఒకాయన వెళ్ళొస్తానంటూ కాస్త ముందుకు వంగాడు. ఆయన లేవకముందే అత్త ఫ్యాను కట్టేసింది. ఆయనకేదో గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు. ఆమె మళ్ళీ వేసింది. ఆయన కదిలాడు, ఆమె కట్టింది. మాటల్లేవు. వెనక కోడలు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది, అంతే. మా కోడలు తల వంచుకుని ఊగిపోతోంది. "ఏందే అంత నవ్వు? పాపం ఆమె కరెంటు గురించి ఆమె చూసుకుంటంది" అన్నాను.

సీరియల్ అయిపోయింది. మా వదిన కొంగు దులుపుకుని మోకాలి మీద చెయ్యి వేసింది. నేను లేచి వెళ్ళి ఫ్యాను కట్టేశాను. నిజం చెబుతున్నాను, ఆలోచించి చేసిన పని కాదు. నా చెయ్యి దానంతటదే పోయింది.

"ఓయమ్మో! ఒదినా, నేనింకా లేవలా!" అని మా వదిన అక్కడికక్కడే కూలబడింది. "టీవీ ఆమె ఇప్పుడే ఇంట్లోకి దిగొచ్చిందే!"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. మా కోడలు మొదటిసారి మా ఇంట్లో నోరు తెరిచి నవ్వింది. పళ్ళు కనబడేటట్టు, ఊపిరందనట్టు నవ్వింది. చేతిలో కాయలు ఒళ్ళోకి జారిపోయాయి.

అప్పుడు తెలిసింది నాకు, ఇన్ని రోజులూ ఆ పిల్ల ఎవరిని చూసి నవ్వుతోందో. చెవులు వేడెక్కిపోయాయి.

"నవ్వవే, నవ్వు. మీ అమ్మా ఇట్టాగే ఇంటికొచ్చినోళ్ళందరికీ వండిపెట్టి, ఇకఇకలాడి, ఇల్లు గుల్ల చేసుకునే పాయె. నేనట్టా పోలేనులే" అన్నాను.

ఒక్కసారిగా గది చల్లబడింది. కోడలు నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. తర్వాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆమె చేత్తో తుడుచుకుంది. సాయంత్రంనుంచీ మిరపకాయల్లో ఉన్న చెయ్యి అది.

"అయ్యో, కళ్ళల్లో కారం పడిందే!" అని మా వదిన లేచింది. మిగతా ఇద్దరూ నీళ్ళకు పరిగెత్తారు. మా కోడలు కళ్ళు మూసుకుని ఏడుస్తోంది. కారానికి ముందే ఏడుపు మొదలైందని నాకు తెలుసు. ఆమెకు ఎదురుగా కూర్చున్నది నేనే. అయినా ఏమన్నానో వినండి. "కాయల్లో చెయ్యిబెట్టి కళ్ళు తుడుచుకుంటారా ఎవరన్నా? ఇన్నేళ్ళొచ్చినా తెలివి లేకపోతే ఎట్టా?" అన్నాను. అందరూ అది కారమనే నమ్మారు. నమ్మనిచ్చాను.

మర్నాడు టీవీ రిమోటులో సెల్లులు తీసి గోడగడియారంలో వేశాను. గడియారం ఆగిపోయిందని చెప్పాను. ఆగలేదు. కోడలు అడగనూ లేదు. రిమోటు లేకుండా పెట్టుకోవడం ఆమెకు తెలుసు, అయినా పెట్టలేదు. ఏడు గంటలకు ముందుగదిలో కాయలు తుంచుతున్న చప్పుడే వినపడేది. నాలుగు రోజులకు మిగతావాళ్ళు రావడం తగ్గించారు. అడిగిన పనికల్లా "సరే అత్తా" అనేది మా కోడలు. నేను కోరుకున్న ఇల్లు అదే. అదే నాకు సహించలేదు.

కాయలు అమ్మకానికి నరసరావుపేట వెళ్ళిపోయిన తర్వాత కోడలు రొంపిచెర్లలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కదాన్నే. సెల్లులు మళ్ళీ రిమోటులో వేసి ఆ సీరియల్ పెట్టాను. దొంగతనం చేస్తున్నట్టు వాకిలి మూసుకుని మరీ చూశాను. ఎవరో స్వీట్ల డబ్బా తెచ్చారు. "మా కోడలికి తీపి పడదండీ" అంటూ అత్త డబ్బా మూతపెట్టి పైన అరలో పెట్టింది. కెమెరా ఒక్క క్షణం కోడలి ముఖం మీదికి వెళ్ళింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. అర వైపు చూసి, కళ్ళు దించుకుంది. అంతే.

నాకు నవ్వొచ్చింది. ఎవరూ నవ్వమని చెప్పకుండా, పక్కనుంచి చప్పుడేమీ రాకుండా, నాకు నేనుగా నవ్వాను. ఆ నవ్వు పూర్తికాకముందే గుర్తొచ్చింది. మనవరాలు పుట్టినప్పుడు మా వదిన తెచ్చిన లడ్డూల గురించి నేనూ అలాగే అన్నాను. "బాలింతరాలికి పడవులే" అని ఎత్తిపెట్టాను. బూజు పట్టిందాకా ఉంచాను. అప్పుడు మా కోడలి ముఖం ఎటు తిరిగిందో నేను చూడలేదు. చూపించడానికి అక్కడ కెమెరా లేదు.

ఆమె తిరిగొచ్చింది. బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు నువ్వు నవ్వింది నన్ను చూసేగా?"

బియ్యం మీదనుంచి చెయ్యి తీయలేదు. "అవునత్తా."

"నా మీద అంత కోపమా?"

"కోపముంటే నవ్వెట్టా వచ్చిద్ది? కోపమున్నన్నాళ్ళూ రాలా. ఆమెను చూసినాక, పోన్లే, ఇట్టాంటోళ్ళు ఊరంతా ఉంటారనుకున్నా. నువ్వంటే భయం తగ్గింది. రోజంతా నువ్వేదన్నా, సాయంత్రం దాకా ఆగితే నవ్వుకోవచ్చులే అనుకునేదాన్ని."

నేనూ గుప్పెడు బియ్యం తీసుకుని ఏరడం మొదలుపెట్టాను.

"నన్నేమన్నా పడతా అత్తా. మా అమ్మనెందుకన్నావు?" అంది. గొంతు పెరగలేదు. చేటలో రాయి కనబడితే తీసి పక్కన పడేసింది.

"తప్పే" అన్నాను. నా నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు. అది ఇద్దరి మధ్యే అంటే చాలదనిపించింది. నలుగురిలో అన్నదానికి నలుగురిలోనే చెప్పాలి. మర్నాడు సాయంత్రం ఆ ముగ్గురినీ పిలిపించాను. తుంచడానికి కాయలు లేవు, ఉత్తినే రమ్మన్నాను. కాఫీ ఇచ్చాను.

"ఆ రోజు దాని కళ్ళల్లో కారం పడకముందే ఏడ్చింది. నా మాటకే ఏడ్చింది. వాళ్ళమ్మ ఒకళ్ళకు పెట్టిందే గానీ ఎవురి దగ్గరా చెయ్యి చాపలా. నేనన్నది అబద్ధం" అన్నాను.

మా వదిన గ్లాసు కింద పెట్టి, "మాకు తెలుసులే ఒదినా" అంది. "అది మేం కడిగిన నీళ్ళకు ఆగే ఏడుపా?" అందరికీ తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు. నేను దాచాననుకున్నదే నిజానికి నవ్వులాట. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. కోడలు లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఏడింటికి టీవీ పెడుతున్నాను. ఆమె వచ్చి కూర్చుంటుంది, చూస్తుంది. నవ్వడం లేదు. పరాయిచోట కూర్చున్నట్టు కూర్చుంటుంది. నేను సీరియల్ చూడడం మానేసి పక్కనుంచి ఆమె ముఖమే చూస్తున్నాను. నిన్న ఒకచోట పెదవి చివర కొద్దిగా కదిలింది. నేను చూస్తున్నానని తెలిస్తే అదీ ఆపేస్తుందేమోనని, గభాలున తల తిప్పుకుని టీవీ వైపు చూశాను.