దొరగారికి స్పూను

రాజోలు దగ్గర మా ఆవిడ మేనమామగారింట్లో నాకు జరిగిన మర్యాదల గురించి చెబుతాను. ఆ మర్యాదలు చివరికి నాకు రాబోయే ఉద్యోగానికే ఎసరు పెట్టబోయాయి. నవ్వాలనిపిస్తే నవ్వండి, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

మాది ఆ వైపు కాదు, ఎక్కడో మెట్టప్రాంతంలో ఉన్న రాయవరం; వాళ్ల బొండాలూ, మాటతీరూ నాకు కొత్త. తొంభైల చివర్లో ఎమ్మెస్సీ చదివి, పెళ్లి చేసుకుని, ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నాను. మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు కొబ్బరిబొండం ఎత్తి తాగబోయి సగం నీళ్లు చొక్కామీద పోసుకున్నాను. ఆ రోజు నుంచి నన్ను చూడగానే మామయ్యగారు లేచి నిలబడేవారు.

"ఆయ్, దొరగారు వచ్చేరు! కుర్చీ తుడవండర్రా. బొండం గ్లాసులో పొయ్యండి. స్పూను కూడా ఎట్టండి, తమరు ఒలకబోసుకుంటే మాకు పాపమండీ!"

నిజంగానే స్పూను వచ్చేది. నేను నిజంగానే దాంతో తాగేవాణ్ణి! చుట్టూ ఉన్నవాళ్లు తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకుంటుంటే అది వినయమనుకున్నాను. ఒక రోజు కాదు, ఏడాది పాటు. అంత చదువూ ఎందుకండీ, తగలబెట్టడానికా?

ఒకసారి బస్సులో మా ఆవిడతో గొప్పగా అన్నాను. "మీ మామయ్యకి నేనంటే ఎంత గౌరవమో చూశావా?"

ఆవిడ నాకేసి జాలిగా చూసింది. "అది గౌరవం కాదండీ, వెటకారం. మనిషిని లెక్కచెయ్యనప్పుడే మావాళ్లు అన్ని అండీలు తగిలిస్తారు."

ఒళ్లు మండిపోయింది. ఇంకోసారి ఎవరైనా 'తమరు' అంటే వదిలేది లేదని ఆ బస్సులోనే తీర్మానించుకున్నాను.

మళ్లీ వెళ్లేసరికి అరుగుమీద ఎవరో తెల్లపంచె పెద్దాయన కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టారు.

"రండి మాస్టారూ. తమలాంటి చదువుకున్నవారు మా వైపు రావడం మా అదృష్టమండీ. బొండం గ్లాసులో పోయించుకోండి, చొక్కా పాడవుద్ది."

అదృష్టమట! గ్లాసట!

"స్పూను మర్చిపోయేరేంటండీ? తమరి చేత్తో పట్టించండి, ఇంకా అదృష్టం! నన్ను వెక్కిరించడానికి మిమ్మల్ని కూడా పిలిపించేరా?"

ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయారు. లోపలినుంచి మామయ్యగారు వచ్చారు.

"ఆయనేరీ?"

"బుద్ధి చెప్పి పంపించేశానండీ!"

"ఏవయ్యా, బుర్రుందా నీకు? ఆయన అమలాపురం కాలేజీ కరస్పాండెంటు గారు! నీ ఉద్యోగం కోసం నెల్లాళ్లు ఆయన చుట్టూ తిరిగి, నిన్ను చూపిద్దామని తీసుకొచ్చేను!"

ఒక్క అండీ లేదు. ఏడాదిలో మొదటిసారి ఆయన నన్ను మనిషిగా లెక్కచేశారు, తిట్టడానికైనా. మామయ్యగారు మోపెడ్ మీద బస్సు స్టాపు దాకా తరుముకుంటూ వెళ్లి, ఆయన కాళ్లావేళ్లా పడి, నా స్పూను కథంతా చెప్పి, ఎలాగో ఒప్పించారు.

ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు స్టాఫ్ రూములో అందరి ముందూ కరస్పాండెంటు గారు చప్పట్లు కొట్టారు. అటెండరు ప్లేటు పట్టుకొచ్చాడు. అందులో గ్లాసెడు బొండం నీళ్లు, పక్కన తళతళలాడే స్పూను.

"ఆయ్, తాగండి మాస్టారూ. తమరు ఒలకబోసుకుంటే కాలేజీకే పాపమండీ!"

అందరి జేబురుమాళ్లూ మూతులమీదికి వెళ్లాయి. ఈసారి అర్థం కావడానికి నాకు ఏడాది పట్టలేదు. "ఆయ్" అని, స్పూను అందుకుని, ఆఖరి చుక్కదాకా తాగాను.

ఆ స్పూను సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నన్ను ఎవరు గౌరవించినా, ఎవరు వెటకారం చేసినా, ముందు బొండం తాగుతాను. ఆ తర్వాతే కోపం.