టైలరక్కకు దొరికిన ఆదివారం

టైలరక్కది పెద్ద నోరు. పని అంతకంటే పెద్దది కాబట్టి ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఈ పరాయి దేశంలో ఓ పెద్ద హోటల్ కింది అంతస్తులో మేమిద్దరం దుప్పట్లు ఇస్త్రీ చేస్తాం. మంచమంత వెడల్పున్న యంత్రంలో తడి దుప్పటి ఇటు పెడితే అటు పొగలు కక్కుతూ వస్తుంది. చెరో రెండు కొసలు పట్టుకుని, ఎదురెదురుగా నడిచి మడత పెట్టాలి. నాలుగేళ్లుగా దుప్పటికి ఈ చివర నేను, ఆ చివర ఆవిడ. ఊళ్లో ఉన్న మా ఆయన మొహం కంటే ఆవిడ మొహమే ఎక్కువ చూశాను.

అసలు ఆవిడ పని కుట్టుపని. లంగా ఓణీ కూడా వెయ్యకముందే మిషన్ ఎక్కింది. మొగుడు పోయాక ఆ మిషన్ మీదే కూతుర్ని పెంచింది. ఊళ్లో రెడీమేడ్ కొట్లు వచ్చి గిరాకీ పడిపోయాక, పిల్లని అక్కగారింట్లో వదిలి ఇక్కడికొచ్చింది. పిల్ల నర్సు చదువు చదువుతోంది. దుప్పట్లు కడుపు నింపుతున్నాయి గానీ చేతుల దురద తీర్చడం లేదని ఆవిడ బాధ. "ఇస్త్రీ ఎవడైనా చేస్తాడే. కుట్టు నాది" అనేది.

మా వీధి చివర మెట్ల కింద బట్టలు బాగుచేసే కొట్టొకటుంది. ఓ ముసలామె నడుపుతుంది. అక్క తన కోటు జిప్పు వేయించుకోవడానికి వెళ్లి, ఆవిడ సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతుంటే చూడలేక, సూది లాక్కుని తన జిప్పు తనే కుట్టుకుంది. ముసలామె కోటు తిరగేసి కుట్టు చూసింది. పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించింది.

అయితే మా వీసా హోటల్ పనికే. మరో చోట చెయ్యి పెట్టాలంటే ముందు హోటల్ వాళ్లు ఒప్పుకోవాలి, ఆపైన సర్కారు ఆఫీసు అనుమతి ఇవ్వాలి. ముసలామె ఆ సంగతి ముందే తేల్చేసింది. "అనుమతి తెస్తే కుర్చీ నీది. నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటా, నా కళ్లు ఆగవు."

మా హోటల్ వ్యాన్ డ్రైవర్ ఉచిత సలహా పారేశాడు. "చాటుగా కుట్టెయ్యక్కా, ఎవరు చూడొచ్చారు?"

"పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టా? నాకొచ్చిన పని నేను భయపడుతూ చెయ్యను బాబూ. అడగందే అమ్మైనా పెట్టదు, అడిగే చేస్తా" అంది.

హోటల్ సూపర్‌వైజర్ ఇక్కడి పని చెడకపోతే సరేనన్నాడు. ఇక ఆఫీసు. ఆ భాష నాకు నాలుగు ముక్కలు ఎక్కువ వచ్చు కాబట్టి నన్ను వెంటేసుకెళ్లింది. కౌంటర్ వెనక ఆఫీసరమ్మ మర్యాదగానే అడిగింది, రెండు పనులూ ఎలా చేస్తారని.

అక్క నడుం నిటారు చేసింది. "పగలనక రాత్రనక చేస్తానని చెప్పవే. అలుపన్నది లేదు, సెలవన్నది ఎరగను. ఆదివారం కూడా వస్తానని చెప్పు."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మన దగ్గర ఆ మాటంటే ఏ షావుకారైనా మురిసిపోయి తాళాలు చేతిలో పెడతాడు. ఈవిడ కలం కింద పెట్టేసింది. విశ్రాంతి లేని మనిషికి ఇంకో పని ఇవ్వలేమనీ, సెలవు ఎప్పుడు తీసుకుంటారో తేల్చుకుని మళ్లీ రమ్మనీ చెప్పి పంపేసింది.

బయటికొచ్చాక అక్క ఉగ్రరూపం చూడాలి. "కష్టపడతానంటే కాదనే దేశాన్ని ఎక్కడా చూళ్లేదు" అని బస్సెక్కేదాకా తిట్టింది. నాకూ ఒళ్లు మండింది. పనిచెయ్యనివాణ్ని తిట్టే లోకంలో పుట్టాం మరి.

మర్నాటి నుంచి దుప్పట్లు మడతపెడుతూ పాఠం మొదలెట్టాను.

"సెలవు ఎప్పుడు?"

"పనులయ్యాక."

"తప్పు. ఆదివారం. ఆదివారం ఏం చేస్తావు?"

"ఇల్లు తుడుస్తా, గుడ్డలుతుకుతా, వారానికి సరిపడా వండి..."

"తప్పు. నిద్రపోతావు."

"పట్టపగలా? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. పడుకుంటే ఏం మిగులుతుందే?"

నెలాఖరు దగ్గర పడింది. కొట్టు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా అక్క ఆ కుర్చీ వంక చూసేది, ఎవరైనా కూర్చున్నారేమోనని.

రెండోసారీ అదే ఆఫీసరమ్మ. సెలవెప్పుడంటే అక్క ఠకీమని ఆదివారమంది. ఆ రోజు ఏం చేస్తారని ఆఫీసరమ్మ అడిగింది. నిద్రపోతానన్న మాట వందసార్లు వల్లె వేయించాను. అక్క నా వైపు తిరిగింది.

"అబద్ధం చెప్పలేనే. ఏం చేస్తానో తెలీదని చెప్పు. ఇప్పటిదాకా ఒక్క సెలవూ తీసుకోలేదు. మిషన్ నేర్చుకున్నదాన్ని, ఇది నేర్చుకోలేనా? నేర్చుకుంటానని చెప్పు."

కొంప ముంచావే అనుకుంటూనే చెప్పాను. ఆఫీసరమ్మ అక్క మొహంలోకి కాసేపు చూసింది. ఈసారి కలం కింద పెట్టలేదు. వారంలో మూడు సాయంత్రాలు కుట్టుకోవచ్చు, ఆదివారం మాత్రం రెండు చోట్లా పని చెయ్యకూడదు. అదీ షరతు.

ఆ సాయంత్రమే అక్క కుర్చీ ఎక్కింది. ఎవరిదో ప్యాంటు కిందమడత విప్పి, జేనతో కొలిచి, టకటకా కుట్టేసింది. ముసలామె కళ్లజోడు తీసి, కళ్లు నులుముకుని, హాయిగా వెనక్కి వాలింది. కుట్టేటప్పుడు అక్క అసలు మాట్లాడదని నాకప్పుడు తెలిసింది.

తర్వాత ఆదివారం వచ్చింది. నాకూ సెలవే. మేమిద్దరం ఉండే గదిలో అక్క ఎప్పట్లాగే లేచి, స్నానం చేసి, జడేసుకుని మంచం మీద కూర్చుంది. తన దుప్పటి మడతపెట్టింది. నేను పడుకుని ఉండగానే నాదీ లాగి మడతపెట్టింది. నా చొక్కా గుండీ ఊడిందని సూది తీస్తే లాక్కున్నాను. ఇక దిక్కుతోచక స్పీకర్ పెట్టి కూతురికి ఫోన్ చేసింది. మామూలుగా ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, ఏదో ఒకటి చేస్తూ రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసే మనిషి.

"ఏంటమ్మా ఈ వేళప్పుడు? ఒంట్లో బాలేదా?" అంది పిల్ల.

"బానే ఉన్నా. సెలవు."

"నిజం చెప్పు. జ్వరమా? పనిలోంచి తీసేశారా?"

తల్లి ఊరికే కూర్చుందంటే రోగమో రొష్టో తప్ప ఇంకోటి ఆ పిల్ల ఎరగదు.

"లేదే తల్లీ. నిజంగానే ఏ పనీ లేదు. ఊరికే చేశాను" అంది అక్క.

చిన్న గొంతుతో అంది పిల్ల, "అయితే అప్పుడే పెట్టెయ్యకమ్మా. నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి."

అక్క గోడకి చేరగిలబడి కాళ్లు చాపుకుంది.

"పెట్టను. చెప్పు" అంది.